గదిలోని తెల్లపూవు

రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియపులంక తోటలలో మొక్క కొనవచ్చిన ఇల్లాలి చూపు మొదట నిలుచునది పూవు మీదనే. తన ఇంటి కిటికీ ఏ దిక్కున నున్నదో, అందుండి వెలుగు ఎంతసేపు వచ్చునో ఆ క్షణమున ఆమెకు తోచదు. గులాబీని తెచ్చి గదిలో పెట్టును. కొలది దినములలో మొగ్గలు రాలును, ఆకులు పండును. దోషము మొక్కది కాదు. ఎండలో పెరుగు జాతికి గది చెరసాల.

నీడను సహించి పూయు జాతులు లేకపోలేదు. వానిలో మన ఇండ్లకు అనువైనది పీస్ లిల్లీ. పేరునకు లిల్లీయే గాని, అది మన చేమకు, కందకు చుట్టము. అమెరికా ఖండపు ఉష్ణమండలారణ్యములలో పెద్ద చెట్ల నీడన పెరిగిన కుదురు దానిది. పూవని మనము మురియు తెల్లని రేకు నిజమునకు ఒక ఆకు. అసలు పూవులు దాని నడిమి కంకి మీద నూకలవలె అంటియుండును. కంద దురద దీనికిని కలదు. పసిబిడ్డలు, పిల్లులు నమలకుండ చూచుకొనవలెను.

దాహమైనచో దీని ఆకులన్నియు ఒక్కసారిగా వ్రాలిపోవును. నీరు పోసిన కొన్ని గంటలకే లేచి నిలుచును. ఆ లేచుట చూచిన ఇల్లాలి సంతోషము ఇంతంత కాదు! చిక్కంతయు ఇచ్చటనే యున్నది. నీరెక్కువై వేళ్ళు కుళ్ళినను ఆకులు అట్లే వ్రాలును, ఏలనన కుళ్ళిన వేరు నీటిని పీల్చజాలదు. దాహమనుకొని ఆమె మరియొక చెంబు పోయును. ఇట్లు ప్రేమచేతనే చచ్చిన మొక్కలు తక్కువ కావు. చెంబెత్తుటకు ముందు వ్రేలిని మట్టిలో ఒక అంగుళము దింపి చూడవలెను. తడి తగిలియు ఆకు వ్రాలియే యున్నచో, మొక్కను మట్టితో సహా వెలికి తీసి వేళ్ళను పరీక్షింపవలెను. మెత్తబడి గోధుమరంగుకు తిరిగి కంపు కొట్టునవి కోసివేసి, కొబ్బరిపొట్టు, ఇసుక కలిపిన క్రొత్త మట్టిలో నాటినచో బ్రతుకునను ఆశ కలదు. కుండీ అడుగున రంధ్రము లేకున్న ఈ శ్రమ వ్యర్థము. పింగాణి తొట్ల అందమునకు లోబడినవారు ఈ రంధ్రమునే మరతురు.

కొన్ననాడు నాలుగు పూవులతో నున్న మొక్క ఇంట మరల పూయదేమని కొందరు చింతింతురు. అమ్మకమునకు పెంచువారు గిబ్బరెల్లిక్ ఆమ్లము చల్లి అకాలమున పూయించు వాడుక కలదు. అట్టి మొక్క ఇల్లు చేరిన పిదప తన కాలమునకు తాను పూయవలసినదే. తూర్పు కిటికీకి రెండడుగుల దూరమున నుంచి వేచియుండుట మేలు. తొందరపడి ఎరువు కుమ్మరించినచో ఆకులే బలియును. వారమునకొకసారి తడిగుడ్డతో ఆకుల మీది దుమ్ము తుడిచిన, గదిలోనికి వచ్చు కొద్దిపాటి వెలుగును అవి పూర్తిగా అందుకొనును.