ఊరికి పంచాయతీ ఇచ్చిన్రు, పైసలేవి? తెలంగాణ, ఆంధ్ర, పోలెండ్, చెక్

నంగునూరు నుంచి మీ హోస్ట్. ఇవాళ్టి టాపిక్ సర్పంచ్. బోర్ అనుకుని స్కిప్ చేయకండి, మీ గల్లీ లైట్ ముచ్చట ఇది.

2024లో మా గల్లీల లైట్ పోయింది. సెక్రటరీకి ఫోన్ కొడితే, "నా జేబులకెళ్లి ఎన్ని పెట్టాలె తమ్మీ?" అన్నడు. ఆయన తప్పు కాదు. ఆ ఏడాది జనవరి ఆఖరుకు సర్పంచుల టర్మ్ అయిపోయింది. స్పెషల్ ఆఫీసర్లు వచ్చిన్రు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లు ఆగుతయ్. ఆగినయ్. మళ్లీ ఎలక్షన్లు 2025 డిసెంబర్‌లనే.

ఇప్పుడు రెండు రాష్ట్రాలు చూద్దాం. ఒకే రాష్ట్రంగా ఉన్నప్పుడు, 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం పాత సమితులు తీసేసి మండలాలు తెచ్చింది. ఆఫీసు జనానికి దగ్గరికి రావాలన్నదే ఐడియా. 2014 తర్వాత దారులు వేరైనయ్.

తెలంగాణ ఊర్లను చిన్నగ చేసింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతోని 500 మంది దాటిన తండాలు, గూడేలు కూడా పంచాయతీలు అయినయ్. 8 వేల పైచిలుకు ఉన్నవి 12,700 దాటినయ్. తండా మనిషే తండా సర్పంచ్. ఇది చిన్న విషయం కాదు, అంతకు ముందు పెద్ద ఊరి మాటే నడిచేది. కానీ చిన్న ఊర్ల ఇంటి పన్ను ఎంతొస్తది? ట్రాక్టర్ కిస్తీ, కరెంటు బిల్లు, సఫాయి కార్మికుల జీతం, అన్నీ అండ్లకెళ్లే కట్టాలె.

ఆంధ్ర ఊరిని చీల్చలేదు, ఊర్లకు స్టాఫ్‌ను పంపింది. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలైనయ్. పట్నం వార్డులతోని కలిపితే సుమారు 15 వేలు. 50 ఇండ్లకు ఒక వాలంటీర్. సర్టిఫికెట్, పెన్షన్ పనులు దగ్గరికి వచ్చినయ్, నిజమే. కానీ ఆ స్టాఫ్ సర్పంచ్ చేతి కింద లేరని అక్కడి సర్పంచులే గొడవ చేసిన్రు. 2024లో ప్రభుత్వం మారంగనే వాలంటీర్లు పక్కకు పోయిన్రు.

సింపుల్‌గా చెప్పాలంటే, మనం లాగిన్ ఇచ్చినం, బ్యాలెన్స్ ఇవ్వలే. వాళ్లు సర్వీస్ ఇచ్చిన్రు, అడ్మిన్ రైట్స్ ఇవ్వలే.

ఇదే లెక్క యూరప్‌ల కూడా వచ్చింది. 1989ల కమ్యూనిస్టు పాలన పోయినంక చెక్ దేశంల బలవంతంగా కలిపిన ఊర్లు మళ్లీ విడిపోయినయ్. కోటి పైచిలుకు జనానికి 6,200 పైగా మున్సిపాలిటీలు. సగానికి పైగా 500 మంది కూడా లేనివే! మన తండా సైజు. మరి ఎట్ల నడుస్తున్నయ్? 2003 నుంచి 200 పైచిలుకు పెద్ద పట్నాలు చుట్టుపక్కల ఊర్ల సర్కారీ పనులు కూడా చూస్తున్నయ్. ఊరికి కౌన్సిల్ ఊర్లనే, బరువు పని పక్క పట్నంల.

పోలెండ్ ఊర్లను చీల్చలే. 1990ల స్థానిక పాలన చట్టం తెచ్చి, అదే మే నెలల ఎలక్షన్లు పెట్టింది. దాదాపు 2,500 "గ్మీనా"లు, ఒక్కోదాంట్ల సగటున 15 వేల మంది. అంటే మన ఊరు కాదు, మండలం దిక్కు లెక్క. బడులు గ్మీనావే. జనం కట్టే ఇన్‌కమ్ ట్యాక్స్‌ల వాటా చట్టం ప్రకారం వాటికి పోతది. పైనున్నోళ్లను బతిమాలే పని తగ్గింది.

అయితే మన తండాలను మళ్లీ కలపాల్నా? నేనైతే వద్దంట. తండాకు వచ్చిన కుర్చీ గుంజుకోవద్దు. చెక్ లెక్క బరువు పని మండలానికి పెట్టు, పోలెండ్ లెక్క పైసల వాటా చట్టంల రాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993లనే అమలైంది, 29 సబ్జెక్టుల లిస్టు కూడా ఉంది. కానీ ఏది ఎంత ఇయ్యాల్నో రాష్ట్రం చేతిలనే ఉంది. లొల్లి అంతా ఆడనే.

మీకో హోంవర్క్. ఈసారి గ్రామసభకు పోయి ఒక్కటే అడగండి: "ఈ ఏడాది మన ఊరికి ఎంతొచ్చింది, ఎంత ఖర్చైంది?" లెక్క అడిగితే ఎవరూ కొట్టరు. జవాబు ఏమొచ్చిందో కామెంట్ల రాయండి. మళ్ల కలుద్దాం.