బందరు కోట: బురదే గోడ

కోట అనగానే మన గుంటూరు వాళ్ళకి కొండవీడే మెదులుతుంది. నాకు మాత్రం బందరు కోట మీదే మక్కువ. కొండ లేదు, గుట్ట లేదు. చుట్టూ ఉన్న ఉప్పు బురదే దానికి రక్ష. పోటు వస్తే కాలవలు నిండి కోట లంకలా అయిపోయేది. ఊళ్ళోంచి వెళ్ళడానికి ఒక్క కట్టే దారి.

1750 నుంచీ అది ఫ్రెంచివారిది. 1759లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ముట్టడించాడు. వెనక నిజాం సలాబత్‌జంగ్ సైన్యం దగ్గరకొచ్చేసింది. మందుగుండు రెండు రోజులకే మిగిలింది. బురదను ఎవడు దాటొస్తాడులే అన్న ధీమా ఫ్రెంచివారిది. ఏప్రిల్ 7 రాత్రి, ఆటు వేళ చూసుకుని కెప్టెన్ నాక్స్ దళం నైరుతి బురదలోంచే వెళ్ళి కాల్పులు మొదలెట్టింది. విజయనగరం ఆనందరాజు సేన కట్టమీద హడావిడి చేసింది. ఇదంతా కన్నుగప్పడానికే, అసలు దాడి ఈశాన్యాన జరిగింది. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. తీరా చూస్తే గెలిచినవాళ్ళకంటే బందీలే ఎక్కువ!

ఈ గొడవ మనకెందుకంటారా? మే 14 నాటి ఒడంబడికలో సలాబత్‌జంగ్ బందరుతోపాటు మన నిజాంపట్నాన్నీ కంపెనీకి రాసిచ్చాడు. మన తీరంలో ఇంగ్లీషువారి ఏలుబడికి పునాది ఆ బురదలోనే పడింది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. కోటకి కాపలా కాసిన సముద్రమే, ఆ ప్రాంతంలో సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరవాత అక్కణ్ణించి దండునే తీసేశారు.