3.4 పనిలో మార్పును అర్థమయ్యేలా చెప్పడం

ఉత్తర్వు చదివి వినిపించినంత మాత్రాన సమాచారం అందినట్లు కాదు. విన్నవారికి రేపు ఏం చేయాలో తెలిసినప్పుడే అందినట్లు.

నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నెను ఉదాహరణగా తీసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, సముద్రంలో వేట నిషేధం అమలవుతుంది. నోటీసులో “యాంత్రిక, మోటారు నౌకలచే మత్స్యవేట నిషిద్ధం” అని ఉంటే, చిన్న పడవకు ఇంజన్ బిగించుకున్న మత్స్యకారుడు అది తనకు వర్తించదనుకోవచ్చు. పడవ పట్టుబడితే నష్టపోయేది అతని కుటుంబమే.

దానినే ఇలా చెప్పవచ్చు: “ఏప్రిల్ 15 నుంచి ఇంజన్ ఉన్న ఏ పడవా, చిన్నదైనా పెద్దదైనా, వేటకు వెళ్లకూడదు. ఇంజన్ లేని తెడ్డు, తెరచాప పడవలు వెళ్లవచ్చు. ఇది చేపలు గుడ్లు పెట్టే కాలం. జూన్ 15 నుంచి మళ్లీ వేటకు వెళ్లవచ్చు.”

ఎవరికి, ఎప్పటి నుంచి, ఎందుకు, ఎప్పటి వరకు అనే నాలుగు ప్రశ్నలకూ ఇందులో జవాబుంది. కాని విన్నవారి మనసులో ముందు మెదిలేది ఐదో ప్రశ్న: “ఈ రెండు నెలలు ఇల్లు ఎలా గడుస్తుంది?” 2025లో రాష్ట్ర ప్రభుత్వం అర్హులైన ఒక్కో కుటుంబానికి రూ. 20,000 భృతి ఇచ్చింది. అది ఎవరికి వస్తుందో, పేరు ఎక్కడ నమోదు చేయించుకోవాలో కూడా చెప్పినప్పుడే మీ సందేశం పూర్తవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ పనిచోట ఇటీవల వచ్చిన ఒక నోటీసును ఈ ఐదు ప్రశ్నలకు జవాబు దొరికేలా తిరిగి రాయండి.