పెరట్లో బాయిలర్

ఇంగ్లండులో మేం కొన్న ఇంట్లో బాయిలర్ వంటింట్లో లేదు, పెరట్లో ఇటుకల షెడ్డులో ఉంది. చిన్నప్పుడు మా ఊళ్ళో కట్టెల బాయిలరూ పెరట్లోనే ఉండేది కదా, వంటింట్లో చోటు కలిసొచ్చిందని సంబరపడ్డాను. మొదటి జనవరిలో ఒక తెల్లవారుజామున ఇల్లంతా చల్లబడ్డాక గాని తేడా తెలిసిరాలేదు.

2005 ఏప్రిల్ నుంచి ఇక్కడ కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపుగా అన్నీ కండెన్సింగ్ రకమే. ఇవి పొగలోని ఆవిరిని నీరుగా మార్చి, ఆ వేడిని కూడా వాడుకుంటాయి. ఆ నీరు ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి పోతుంది. చలికి అది గడ్డకట్టి దారి మూసుకుపోతే బాయిలర్ తనంతట తానే ఆగిపోతుంది. మాకు జరిగింది అదే. వచ్చిన ఇంజనీరు గొట్టం మీద గోరువెచ్చని నీళ్ళు పోసి, రీసెట్ నొక్కితే మళ్ళీ వెలిగింది. మరిగే నీళ్ళు మాత్రం పోయకండి, గొట్టం పగలొచ్చు.

అలాంటి ఇల్లు చూసేటప్పుడు మూడు సంగతులు అడగండి. బయటి గొట్టం కనీసం 32 మి.మీ. ఉందా? షెడ్డు నుంచి ఇంట్లోకొచ్చే గొట్టాలకు మందపాటి తొడుగు ఉందా? లేకపోతే డబ్బు పోసి పెరటి మట్టిని వెచ్చబెడుతున్నట్టే. ఫ్రాస్ట్ థర్మోస్టాట్ ఉందా? చలి ముదిరితే, ఇంట్లో ఎవరూ లేకపోయినా, అది బాయిలర్‌ని వెలిగిస్తుంది. అందుకే ఊరెళ్ళేటప్పుడు బాయిలర్ స్విచ్ ఆపకూడదు.

ఇల్లు చూసే సర్వేయరు బాయిలర్‌ని మామూలుగా పైపైనే చూస్తాడు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో నమోదైన ఇంజనీరుని సంతకాలకు ముందే పిలిపించండి. ఆ కాస్త ఖర్చుకి వెనకాడిన మేం, ఆ పొద్దున ఎనిమిది నెలల పాపని రెండు రజాయిల్లో చుట్టి కూర్చున్నాం.