కూలర్‌కి కోనసీమ గాలి పడదు

అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు తీసే రేకుల షెడ్లలోగానీ, రాజోలు, కొత్తపేట వైపు రైసు మిల్లుల్లోగానీ ఎండాకాలం పనిచోటును చల్లబరచాలంటే ఏం పెట్టాలని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చేది పెద్ద నీళ్ల కూలర్ పేరే. ఏసీ కన్నా చవక, కరెంటు కూడా తక్కువే లాగుతుంది. అయినా ఈ సీమలో డబ్బు పెట్టాల్సిన వరసలో దానిది చివరి స్థానమని నా వాదన. తప్పు యంత్రానిది కాదు. అది ఎదిగిన గాలి వేరు, ఇక్కడి గాలి వేరు.

కార్ఖానా గాలిని అదుపుచేసే యంత్రాలు మొదట మనుషుల కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చు కార్ఖానాకు చిక్కొచ్చింది. గాలిలో తేమ మారినప్పుడల్లా కాగితం సాగడం, ముడుచుకోవడం వల్ల రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజనీరు చల్లటి గొట్టాల మీదుగా గాలిని పంపి, అందులోని తేమను నీళ్లుగా రాల్చే ఏర్పాటు చేశాడు. ఏసీ పుట్టుక అది. నాలుగేళ్లకు స్టూవర్ట్ క్రామర్ దానికి నేరుగా ఎదురు పని చేశాడు: నూలు తెగకుండా మిల్లుల గాలికి తేమ ఎక్కించాడు. ‘ఎయిర్ కండిషనింగ్’ అన్న పేరు పెట్టింది ఆయనే. గాలిని తడిపే ఆ రెండో దారిలోనే, 1930లలో అరిజోనా ఎడారి ఊళ్లలో, ఆస్పెన్ చెక్క తురుము మెత్తలతో కూలర్ ఇంటింటికీ చేరింది. మనం కూలర్ గడ్డి అంటున్నది ఆ తురుము లాంటిదే. దాని బదులు కొబ్బరి పీచు వాడొచ్చని పరిశోధనలూ జరిగాయి. కూలర్‌కి మెత్తనివ్వగల కోనసీమ, దాన్ని వాడుకోవడానికి మాత్రం అనువైన చోటు కాదు!

ఎందుకు కాదో చూద్దాం. లీటరు నీళ్లు ఆవిరవుతూ గాలి నుంచి లాక్కునే వేడి, యూనిట్ కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులకు సమానం. కానీ అవి ఆవిరి కావాలంటే గాలి పొడిగా ఉండాలి. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపిస్తుందో, కూలర్ గాలి అంతకన్నా దిగలేదు. రెంటచింతల ఎండలో 42 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నాయనుకుందాం. తడి థర్మామీటరు 24 దగ్గర ఉంటుంది, మంచి కూలర్ 28 దాకా దించుతుంది. అదే గోదావరి పాయలు, కాలవలు, వరిచేలు, పక్కనే సముద్రం ఉన్న అమలాపురంలో 36 డిగ్రీలు, 65 శాతం తేమ అనుకుంటే తడి థర్మామీటరే 30 చూపిస్తుంది. కూలర్ 31, 32కి తెస్తుంది, కానీ ఆ గాలిలో తేమ 90 శాతం దాటుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. కూలర్ మామూలు థర్మామీటరును దించుతుంది తప్ప తడి థర్మామీటరును కదిలించదు. కొబ్బరి డొక్కలు మోసే మనిషికి చెమటే చల్లదనం, ఆ చెమట ఆరాలంటే కావాల్సిన పొడిదనాన్ని కూలర్ ముందే తినేస్తుంది.

‘మరి కూలర్ ముందు నిలబడితే హాయిగానే ఉంటుందే’ అంటారు. ఉంటుంది, అందులో ఎక్కువ పుణ్యం ఫ్యానుది. పడమటి వడగాలి వీచే కొన్ని మధ్యాహ్నాలు ఇక్కడి గాలీ పొడిబారుతుంది, ఆ రోజుల్లో కూలర్ నిజంగానే పనిచేస్తుంది. ఆ కొద్ది రోజుల కోసం కొనేదైతే సరే. మిగతా రోజులకు ఫ్యానే నయమని 2019లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకుల ప్రయోగం కూడా చెబుతోంది: 40 డిగ్రీలు, 50 శాతం తేమలో ఫ్యాను ఒంటికి మేలు చేసింది, 47 డిగ్రీల పొడి వేడిలో కీడు చేసింది. పాలపశువుల కొట్టాల కోసం వచ్చిన, నెమ్మదిగా తిరిగే పెద్ద రెక్కల ఫ్యాను రెండు గుర్రాల మోటారుతో షెడ్డులో చాలా మేర గాలి కదిలిస్తుంది. పీచు దుమ్ము లేస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే దుమ్ము పుట్టే యంత్రం దగ్గర ఫ్యాను కాకుండా బయటికి లాగే ఎగ్జాస్ట్ ఉండాలి, ఫ్యాను మనుషులు నిలబడే వైపు ఉండాలి.

అంతకన్నా ముందు రేకు సంగతి చూడాలి. ఎండకు 60 డిగ్రీలు దాటిన సిమెంటు రేకు కింద నిలబడ్డ ఒంటికి పైనుంచి చదరపు మీటరుకు 200 వాట్ల దాకా అదనపు వేడి తగులుతుంది. దీన్ని ఏ ఫ్యానూ ఆపలేదు. తెల్ల సున్నం పూత ఆపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చింది. వానలకు సున్నం కొట్టుకుపోతే ఏటా వేసవి ముందు మళ్లీ పూయాలి, అయినా ఏ యంత్రంతో పోల్చినా ఖర్చు తక్కువే.

ఏసీ వద్దని కాదు. వీటన్నిటిలో తేమను రాల్చగలిగేది అదొక్కటే. లారీలు వచ్చిపోయే తలుపుల్లేని షెడ్డుకు పెడితే మాత్రం ఆ చల్లదనమంతా వీధి పాలవుతుంది. బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే సార్టెక్స్ యంత్రానికి ఏసీ గది కట్టించే మిల్లులున్నాయి. కారియర్ కాలంలోలాగే చల్లదనం మళ్లీ యంత్రానికే దక్కింది. ఆ గది పక్కనే నాలుగు గోడలు, ఒక తలుపు, రెండు బల్లలు వేసి, హమాలీలు పని మధ్యలో పావుగంట కూర్చునే వీలు కల్పిస్తే, షెడ్డంతటికీ కూలర్లు పెట్టినా రాని మేలు ఒక్క చిన్న ఏసీతో వస్తుంది.