తెరపై పెన్సిల్ గీత

2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపంగా పేరు మారిన రాస్ దీవిలో, పాడుబడ్డ గోడలను చెట్ల వేళ్లు చుట్టేశాయి. వాటిని ట్యాబ్‌లో గీస్తే మన గీత ప్లాస్టిక్ తీగలా, ఒకే మందంలో వస్తుంది. ఎందుకు?

కాగితం నున్నగా కనిపించినా గరుకే. పెన్సిల్ పొడి దాని ఎత్తులకే అంటుకుంటుంది. పల్లాలు తెల్లగా మిగులుతాయి. నొక్కితే గీత నల్లబడుతుంది, పెన్సిల్ వాలిస్తే వెడల్పవుతుంది.

యాప్‌లోనూ గరుకున్న పెన్సిల్ బ్రష్‌నే ఎంచుకుందాం. స్టైలస్ ఉంటే ఒత్తిడికి నలుపు, వాలుకు వెడల్పు మారేలా పెడదాం. వేలితో గీస్తే, పలుచని గీతలు ఒకదానిపై ఒకటి వేద్దాం. వంకరలు సరిచేసే స్టెబిలైజర్‌ను తగ్గిద్దాం. చెయ్యి కాస్త వణికినా ఫర్వాలేదు.

బదిలీ అయ్యాక దీవి మన వెంట రాదు, బొమ్మ వస్తుంది. అందులో మన చెయ్యి కనిపించాలి.