మగవాడి నడుము లెక్కలో లేదు

మన ఊళ్లలో మగవాడి నడుము కొలిచేది దర్జీ ఒక్కడే. గుడిబండ, మడకశిర, హిందూపురం బజార్లలో రెడీమేడ్ కొట్లు వచ్చాక ఆ కొలత కూడా పోయింది. ఎలాస్టిక్ ట్రాక్ ప్యాంటులో ఎంత పొట్టయినా ఇమిడిపోతుంది. లుంగీకైతే సైజే లేదు. బెల్టు పెట్టుకునే ఆసామి పొట్ట ముందుకొచ్చేకొద్దీ దాన్ని కిందికి జారుస్తూ, పదేళ్లుగా "నాది ముప్పై నాలుగే అన్నా" అంటుంటాడు. అబద్ధమేమీ కాదు. ముప్పై నాలుగు పొట్ట కింద. బొడ్డు మీదుగా టేపు చుట్టి చూస్తే నలభై చూపిస్తుంది.

సర్కారు లెక్కలదీ ఇదే తీరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మగవాళ్లలో నూటికి 31.1 మంది, ఆడవాళ్లలో 36.3 మంది బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 25 దాటినవాళ్లని తేల్చింది. దేశం మొత్తం మీద అవి 22.9, 24. రాష్ట్రం సంగతి తెలిసింది, మరి మన సంగతి ఏమిటని జిల్లా పత్రం తిరగేయండి. అప్పటికి శ్రీసత్యసాయి జిల్లా పుట్టలేదు, గుడిబండ అనంతపురంలోనే ఉంది. ఆ పత్రంలో ఆడవాళ్ల బరువు ఉంది, నడుము-తుంటి నిష్పత్తి ఉంది. మగవాళ్ల షుగరు ఉంది, బీపీ ఉంది. బరువు మాత్రం లేదు. ఆ సర్వేలో మగవాళ్లను తూచింది నూటికి పదిహేను ఇళ్లలోనే. జిల్లాకొక అంకె చెప్పడానికి అది చాలదు.

పైకి చూస్తే మగవాళ్లే నయమనిపిస్తుంది. ఊబకాయులు వాళ్లలోనే తక్కువ కదా. అదే సర్వేలో షుగరు వరస చూడండి. రక్తంలో చక్కెర ఎక్కువున్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు కలిపి రాష్ట్రంలో ఆడవాళ్లు నూటికి 19.5 మంది, మగవాళ్లు 21.8 మంది. బరువులో వెనక ఉన్నవాళ్లు షుగరులో ముందున్నారు. పొగాకు, మందు లాంటి కారణాలు వేరే ఉన్నాయి గానీ, పెద్ద కారణం కొవ్వు చేరే చోటు. ఆడవాళ్లకు ముట్లు ఆగేదాకా కొవ్వు తుంటికీ తొడలకూ పోతుంది. మగవాడికి మొదటి నుంచీ పొట్టలోకే, కాలేయం చుట్టూ, పేగుల చుట్టూ చేరుతుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉంటాయి, మొహం పీక్కుపోయి ఉంటుంది, చొక్కా బొత్తాం మాత్రం పట్టదు. పుణె కేఈఎం ఆసుపత్రి వైద్యుడు యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసుకున్నారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం తెల్లాయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం.

అందుకే మన దేశపు వైద్యులు గీత కిందికి జరిపారు. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం, మగవాడి నడుము 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. టేపు భాషలో ముప్పై అయిదున్నర అంగుళాలు. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 23 అంటే దాదాపు 65 కిలోలు, 25 అంటే 70. ఈ లెక్కన చూసుకుంటే మన రచ్చబండ మీద కూర్చున్న నలుగురిలో ఎంతమంది మిగులుతారో మీరే చెప్పండి.

ఇరవైలో పరుగు, ముప్పైలో కుర్చీ

వయసు చొప్పున విడదీస్తే కథ తేటపడుతుంది. దేశంలో 15-19 ఏళ్ల కుర్రాళ్లలో సర్వే గీసిన 25 గీత దాటినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. నలభైల్లోకి వచ్చేసరికి దాదాపు ముగ్గురిలో ఒకరు దాటారు. ఈ పెరుగుదలంతా ఆ నడిమి ఏళ్లలోనే.

ఇరవైల్లో మన పిల్లోళ్లు తెల్లారకముందే రోడ్డు మీద పరుగెత్తుతుంటారు. కానిస్టేబుల్ సెలెక్షన్లు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఛాతీ 86.3 ఉండి గాలి పీలిస్తే అయిదు పెరగాలి, 1600 మీటర్లు పరుగెత్తాలి. మగవాడి ఒంటి మీద టేపు పడే ఘట్టం ఇదొక్కటే. అదీ ఛాతీకే. ఉద్యోగం వచ్చినా రాకపోయినా పరుగు ఆ రోజుతో సరి.

తర్వాత పెళ్లి. అత్తగారింట్లో ఓళిగలూ నెయ్యీ, కొత్త బండి, కాస్త జీతం. "ఒళ్లు చేసినాడు, సుఖంగా ఉండాడు" అని అమ్మకు సంతోషం. ఆడపిల్ల లావైతే ఇంటిల్లిపాదీ సలహాలిస్తారు. మగవాడు లావైతే మెచ్చుకుంటారు. చిక్కితేనే "ఏమప్పా, బాగలేదా?" అని అడుగుతారు. కరువు సీమ కదా, పొట్ట ఇక్కడ చాలాకాలం కలిగినోడి గుర్తు. అవ్వాతాతలు చూసిన ఆకలి తెలిసినవాళ్లెవరూ ఈ మురిపాన్ని ఎగతాళి చేయరు. కానీ ఇప్పుడు పొట్ట పెంచడానికి కలిగి ఉండనక్కర్లేదు.

పని మారింది. గుడిబండ వైపు వక్కతోట, మల్బరీ, చెనక్కాయ చేలు ఇప్పటికీ ఉన్నాయి. కానీ దున్నేది ట్రాక్టరు, కాయ రాల్చేది మిషను. రాత్రి కరెంటు వస్తే లాంతరు పట్టుకుని బోరు దాకా నడిచిన రైతు ఇప్పుడు మంచం మీది నుంచే సెల్‌ఫోన్‌తో మోటరు వేస్తున్నాడు. పాముల భయం తప్పింది, మంచిదే. ఆ నడకా తప్పింది. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పొద్దస్తమానం కూర్చునే నేతగాడికి కాళ్లూ చేతులూ ఆడతాయి గానీ నడుము కదలదు. మరమగ్గం వచ్చిన చోట కాళ్ల ఆట కూడా పోయింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలైంది. చుట్టుపక్కల పిల్లలకు కంపెనీ బస్సూ క్యాంటీనూ షిఫ్టు డ్యూటీలూ పరిచయమయ్యాయి. రాత్రి షిఫ్టు నిద్రను చెడగొడుతుంది, చెడిన నిద్ర ఆకలిని పెంచుతుంది. ఇది ఏ ఊరి ఫ్యాక్టరీలోనైనా జరిగేదే.

తిండి మాట. రాగిముద్ద మానేశాం కాబట్టే ఇదంతా అంటారు. సగం నిజం. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక కొర్రా ఆరికా పళ్లెంలోంచి జారిపోయాయి, రాగి పక్కకు జరిగింది. కానీ ముద్ద పెద్దదైంది మడక పట్టి దున్నేవాడి ఆకలి కోసం. మడక పోయాక కూడా అదే సైజులో రెండు ముద్దలు, మీద కోడికూర నూనె పోసుకుంటే రాగి ఏం కాపాడుతుంది? పొద్దున హిందూపురం బస్టాండు దగ్గర ఉగ్గాణి ప్లేటులో బొరుగుల పక్కన పెట్టే మిరపకాయ బజ్జీలు ఒకటితో ఆగవు. ఉగ్గాణిని నేను తప్పుపట్టను, ఆ పక్కవాటినే. సాయంత్రం సంగతి ఇంట్లో చెప్పరు గనక సర్వేను అడగాలి: రాష్ట్రంలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 23.3 మంది మద్యం తాగుతారు. గ్రాము ఆల్కహాలుకు ఏడు క్యాలరీలు, గ్రాము పిండిపదార్థానికి నాలుగు. నంజుకునే కబాబు లెక్క వేరే.

అరవైలో తక్కెడ చేసే మోసం

అరవై దాటాక బరువు దిగుతుంది. "ఇప్పుడు తేలికయ్యాను" అని పెద్దాయన సంబరపడతాడు. దిగింది చాలావరకు కండ. పొట్ట అలాగే ఉంటుంది, దాన్ని మోసే కాళ్లు సన్నబడతాయి. ఈ వయసులో పస్తులతో బరువు తగ్గించుకోవడం మోకాళ్లకూ నడకకూ చేటు. వీళ్లకు కావలసింది పప్పు, గుడ్డు, రోజూ నడక. కొడుక్కి చెప్పే సలహా తండ్రికి పనికిరాదు.

ఇక 2025లో మన దేశానికి వచ్చిన, బరువు తగ్గించే మౌంజారో సూదిమందు గురించి అడిగేవాళ్లు హిందూపురంలోనూ ఉన్నారు. ఖరీదు నెలకు వేలల్లో. డాక్టరు చూసి రాయాల్సిన మందది, పక్కింటాయన చెప్పి వేయించుకునేది కాదు.

ఉచితంగా దొరికేది ఇంకోటుంది. ముప్పై దాటినవాళ్లందరికీ ఆశా కార్యకర్త నింపే సర్కారు ఫారంలో నడుము కొలత గడి ఉంది. మగవాడికి 90 లోపు, 91 నుంచి 100, వంద పైన అని మూడు వరసలు. కానీ ఆశా వచ్చేది పగటిపూట. "మీ ఆయన లేడా అక్కా?" "చేనికి పోయినాడు." ఆ గడిని ఇంటావిడ అంచనాతో నింపలేరు కదా. మగవాళ్లు పొద్దున ఆరింటికి పాలక్యాను పట్టుకుని పాలకేంద్రం దగ్గర వరసలో ఉంటారు, సంత రోజు సంతలో ఉంటారు, షిఫ్టు దిగాక కంపెనీ బస్టాపులో ఉంటారు. వైద్య సిబ్బందికి టేపూ బీపీ మిషనూ ఇచ్చి అక్కడికి పంపాలి. వచ్చే సర్వే జిల్లా పత్రంలో మగవాళ్ల బరువుకూ ఒక వరస పెట్టాలి. అందాకా ముప్పై దాటిన ప్రతివాడూ ఊపిరి వదిలి, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ టేపు చుట్టి చూసుకోవాలి. 90 దాటితే ఆ వారంలోనే ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి బీపీ, షుగరు చూపించుకోవాలి. అక్కడ ఆ పరీక్షలకు డబ్బు తీసుకోరు.